మూడో వరుసలో చివరివాడు

సత్యవ్వ మగ్గం మీద కూర్చుంటే పోగును మోసే నాడె కంటికి కనబడేది కాదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చప్పుడు ఒక్కటే వినబడేది. ఒక ఎండాకాలం వాళ్లింటి చూరులో గూడు పెట్టిన పిచ్చుక ఆ నాడెతో పందెం వేసి, మూడో రోజుకు ఓడిపోయి, సిగ్గుతో కాపురం ఎత్తేసి వేములవాడకు వెళ్లిపోయిందని నేను ఊరంతా చెప్పాను. నమ్మినవాళ్లున్నారు. సత్యవ్వను అడిగితే నవ్వి, "సామేలన్న ఉత్తగ ఎందుకు చెప్తడు? గా పిచ్చుకకు బస్సుల సీటు గూడ ఆయననే పట్టిచ్చిండు" అన్నదట.

నేను కోనరావుపేటలో పోస్టుమ్యాన్‌ని. ముప్పై ఒక్క ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్ల దుమ్మంతా నా సైకిల్ చక్రాలే తొక్కాయి. చిన్నప్పుడు జగిత్యాలలో సిస్టరమ్మల బడిలో చదువుకున్నాను. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ వస్తుందని ఒక సిస్టరమ్మ చెప్పేది. రోజూ అద్దంలో చూసుకునేవాణ్ని. మచ్చ రాలేదు. అదే నా కొంప ముంచింది. చదువురాని వాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టేటప్పుడు, భీవండి నుంచి కొడుకు "క్షేమం" అని ఒక్క ముక్క రాస్తే నేను నాలుగు ముక్కలు చదివేవాణ్ని. తల్లులు కళ్లు తుడుచుకునేవాళ్లు. నాకు మజ్జిగ దొరికేది.

సత్యవ్వ పోయి ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె గురించి నేను చెప్పినవాటిలో పిచ్చుకలు, పందేలు చాలానే ఉన్నాయి. ఇందులో లేవు.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. పదమూడో ఏట మా ఊరి మల్లయ్యకు పెళ్లాంగా వచ్చింది. మల్లయ్య మంచి నేతగాడే కానీ దగ్గు మనిషి. అతను దగ్గినప్పుడల్లా పోగు తెగేది. అందుకే ఆమె నెమ్మదిగా అతణ్ని పక్కకు జరిపి తనే మగ్గం గుంతలోకి దిగింది. ఆడవాళ్లు నేయడం ఏమిటని కులంలో గొణిగినవాళ్లు, ఆమె నేసిన పంచెలు కట్టుకుని మరీ గొణిగారు. వాళ్లకు ఒక్కడే కొడుకు. మా ఊరికి కరెంటు వచ్చిన ఏడు పుట్టాడు. సాంబయ్య అని పేరు పెట్టారు.

వాడు కూర్చోవడం రాగానే రాట్నం ముందు కూర్చున్నాడు. తల్లికి నూలు కండెలు చుట్టి ఇచ్చేవాడు. తొమ్మిదో ఏట నాడె జారి ఎగిరొచ్చి ఎడమ కనుబొమ్మ మీద తగిలింది. చిన్న గాటు పడింది. ఆ తర్వాత అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ఆ గాటు పడిన రోజు సత్యవ్వ మగ్గాన్ని చెప్పుతో కొట్టింది. మగ్గం వాళ్లకు దేవుడితో సమానం. కొట్టి, మళ్లీ దానికే పసుపు రాసి దండం పెట్టింది.

తర్వాత సిరిసిల్లలో సాంచాలు వచ్చాయి. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచాలంటారు. మా ఊళ్లో చేతి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మల్లయ్య దగ్గు కూడా ఒకరోజు ఆగిపోయింది. సత్యవ్వ మగ్గం గుంతలో వడ్ల బస్తా పెట్టి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. సాంబయ్య సిరిసిల్లలో సాంచాల మీద పనికి పోయాడు. అక్కడ కూలి పెంచమని అడిగే సంఘంలో కలిశాడు. ఎనభై నాలుగులో ఒకరోజు దసరాకు వస్తానని చెప్పి, దసరాకు రాలేదు. అడవిలోకి, అన్నల్లోకి పోయాడని నెల తర్వాత తెలిసింది.

ఇంట్లో వాడి ఫోటో ఒక్కటే ఉండేది. జగిత్యాలలో స్టూడియోలో దిగింది. వెనుక తెర మీద తాజ్‌మహల్, ముందు బెల్టు పెట్టుకుని సాంబయ్య. పోలీసు జీపు చప్పుడు వాడకట్టు మలుపులో వినబడిన మొదటిసారే సత్యవ్వ ఆ ఫోటోను తీసి పొయ్యిలో పెట్టింది. ఫోటో దొరికితే మొహం గుర్తుపడతారని ఆమె భయం. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఫోటోలు అట్లాగే కాలాయి.

ఇక్కడ పటం సంగతి చెప్పాలి. పద్మశాలీలకు వాళ్ల కులకథ చెప్పేవాళ్లు కునపులివాళ్లు. బుచ్చన్న అని ఒకాయన మూడేళ్లకోసారి మా ఊరికి వచ్చేవాడు. ఆయన దగ్గర బొమ్మల పటం ఉండేది. ముప్పై మూరల గుడ్డ. దాని మీద ఎర్రరంగు నేల, వరుసగా బొమ్మలు. భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేయడం, పులినెక్కి రాక్షసుడితో యుద్ధం చేయడం, పెళ్లి, ఆయనకు పుట్టిన నూటొక్క మంది కొడుకులు. ఆ కొడుకుల నుంచే తమ ఇంటిపేర్లన్నీ వచ్చాయని పద్మశాలీలు చెప్పుకుంటారు. బుచ్చన్న వాకిట్లో పటం వేలాడదీసి, కింది నుంచి చుట్ట విప్పుతూ, పై నుంచి చుడుతూ మూడు రోజులు కథ చెప్పేవాడు. నేను వాళ్ల కులం కాదు, వాళ్ల మతమూ కాదు. అయినా ముందు వరుసలో నేనే. నాకన్నా పెద్ద కతలవాడు దొరికితే వదులుతానా?

గడబిడ రోజులు వచ్చాక ఆ చుట్టను భుజాన వేసుకుని తిరగడం బుచ్చన్నకు కష్టమైంది. దూరం నుంచి చూస్తే తుపాకీలా కనబడేది. ఒకసారి చౌరస్తాలో ఆపి విప్పమన్నారు. విప్పగానే మొదట గణపతి బయటపడ్డాడనీ, చేతులు పైకెత్తమంటే పాపం నాలుగూ ఎత్తాడనీ నేను చెప్పి ఊరిని నవ్వించాను. నిజానికి రోడ్డు మీద పటం విప్పి ఉండగా వాన వచ్చింది. ఒక అంచు వెంబడి రంగు కారింది. బుచ్చన్న ఆ తర్వాత ఎవరి వాకిట్లోనూ పటం కట్టలేదు. పదిమంది ఒకచోట కూర్చోవాలంటేనే జనం భయపడుతున్నారు. ఎనభై ఆరులో ఆయన పోయాడు.

పటం పాతబడితే దాన్ని పారెయ్యరు, అమ్మరు. మనిషి పోతే ఏమేం చేస్తారో అవన్నీ చేసి, ధర్మపురి తీసుకుపోయి గంగలో కలుపుతారు. బుచ్చన్నతో పాటు పటం కూడా గంగలో కలిసిందని అందరం అనుకున్నాం. నేనైతే ఒట్టేసి చెప్పేవాణ్ని.

ఎనభై ఏడు వేసవిలో కథలాపూర్ దాటాక గుట్టల్లో కాల్పులు జరిగాయి. పేపర్లో నాలుగు పేర్లు వచ్చాయి. మూడోది సాంబయ్యది. శవాలను అక్కడే కాల్చేశారని కబురు వచ్చింది. మూడు రోజులు ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవలేదు. కులపెద్దలు కూడా పక్క గల్లీలోంచి తిరిగిపోయారు. నన్ను కూడా వీధి మొదట్లో పోలీసులు ఆపారు. నా సంచిలో ఆమె పేరున ఏ ఉత్తరమూ లేదు. ఖాళీ ఇన్‌లాండ్ కవరు ఒకటి తీసి చూపించాను. పోనిచ్చారు. ఊళ్లో ఆ గడప తొక్కడానికి సాకు ఉన్నది నాకొక్కడికే.

సత్యవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

"ఎవలన్న రాసిండ్రా అన్నా?"

"లేదు చెల్లె. ఊకెనే అచ్చిన."

చుట్టిన బీడీని చాటలో వేసి అన్నది: "పీనుగను ఇయ్యలే. బొక్కలియ్యలే. తొడుక్కున్న అంగన్న ఇయ్యలే. ఇంట్ల గా ఫోటువ ఉండె. దాన్ని నేనే నా చేతుల్తోటి కాలవెట్టిన. నాకొక కొడుకుండె అని చెప్పెతందుకు నా కాడ ఏమున్నది?"

ఏమీ అనకుండా కూర్చుంటే సరిపోయేది. ఏడిస్తే ఇంకా బాగుండేది. కానీ నా నాలుక సంగతి చెప్పాను కదా.

"ఉన్నది చెల్లె" అన్నాను. "బుచ్చన్న పటంల ఉన్నడు నీ కొడుకు."

ఆమె చేతులు ఆగాయి.

"వానకు రంగు పోయిందని బుచ్చన్న నకాషాయనను పిలిచి బొమ్మలు దిద్దిచ్చిండు. గప్పుడు గా బొమ్మలాయన సిరిసిల్లల సాంబయ్యను సూసి, గీ పోరని మొఖం మంచిగున్నదని ఋషి కొడుకులల్ల ఒకనికి పెట్టిండు. బుచ్చన్ననే నాకు చెప్పిండు."

"ఎన్నోవోడు?"

"మూడో వరుస. కడాకరుకున్నోడు."

ఎందుకు మూడో వరుస అన్నానో నాకే తెలియదు. పేపర్లో వాడి పేరు మూడోది కాబట్టేమో.

"పటం గంగల కలిసింది గదా" అన్నది ఆమె.

"కలిసింది. అయితే ఏంది? గంగ కాడనే ఉన్నడు."

అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. ఇంటికి పోతూ మంచి పని చేశాననుకున్నాను. ఎవరు పట్టుకుంటారు? సాక్ష్యం గోదావరిలో ఉంది.

తర్వాత పదకొండేళ్లు నేను ఆ వీధికి పోయినప్పుడల్లా ఆమె చాట పక్కకు పెట్టి "చెప్పు" అనేది. చెప్పేవాణ్ని. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగేది. రెండో ఏడు వాడి చేతికి కండె ఇచ్చాను. నాలుగో ఏడు పచ్చ అంచు పంచె కట్టాను. ఆరో ఏడు కనుబొమ్మ మీద గాటు కూడా బొమ్మలాయన మరచిపోకుండా పెట్టాడని చెప్పాను. ఊళ్లో ఇంకెవరూ సాంబయ్య పేరు ఎత్తేవాళ్లు కాదు.

తొంభై ఎనిమిదిలో, నేను రిటైరై ఇంటి ముందు వేపపుల్ల నములుతుంటే సత్యవ్వ వచ్చింది. ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు.

"అన్నా, పటం గంగల కలువలేదట."

వేపపుల్ల ఇంకా చేదెక్కింది.

బీడీ కార్ఖానా మనిషి కోరుట్ల నుంచి వస్తాడు. అతను చెప్పాడట. కోరుట్లలో ఒక డాక్టరుగారు నలభై ఏళ్లు పాత బొమ్మలు, ఇత్తడి దీపాలు, చెక్క గుర్రాలు, పటాలు పోగుచేసుకున్నాడు. ఆయన పోయాక ఆయన రాసిపెట్టినట్టే ఇంటిని మ్యూజియం చేశారు. ఆదివారం ఎవరైనా పోయి చూడొచ్చు. అందులో కునపులి బుచ్చన్న పటం ఉంది. పోయేముందు బుచ్చన్నే తీసుకుపోయి డాక్టరు చేతిలో పెట్టాడట. కథ వినేవాడు లేకపోయినా పటం ప్రాణంతోనే ఉందని, ప్రాణమున్నదాన్ని గంగలో ఎట్లా కలపాలని అన్నాడట.

"ఐతారం పోదాం" అన్నది సత్యవ్వ.

"గా ఇంట్ల బర్రె అంత కుక్క ఉన్నదట చెల్లె."

"ఉండనీ."

"బూతద్దాలు పెట్టి సూత్తరట. సాలెటోళ్లను రానియ్యరట."

"అన్నా" అన్నది నన్ను సూటిగా చూసి. "మూడో వరుస, కడాకరుకు. గంతే గదా?"

ఆదివారం దాకా ఆ మూడు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. శనివారం సాయంత్రం ఒక ఉపాయం తట్టింది. నా పాత పోస్టాఫీసు కలంలో నల్లసిరా పోసి జేబులో పెట్టుకున్నాను. సన్నటి పాళీ. ఒక్క గీత చాలు. కనుబొమ్మ మీద ఒక్క గాటు.

పొద్దున్నే వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాం. సత్యవ్వ ఒళ్లో చిన్న మూట. మక్క గారెలు. "గివంటె వానికి పానం" అన్నది. ఎవరికని నేను అడగలేదు. రుద్రంగి దాటి కథలాపూర్ గుట్టలు కనబడగానే కొంగు మొహం మీదికి లాక్కుంది. ఊరు దాటేదాకా తియ్యలేదు. పదకొండేళ్లుగా ఆమె ఆ రోడ్డు మీదికి రాలేదని అప్పుడు తెలిసింది.

కోరుట్లలో డాక్టరుగారి ఇల్లు కనుక్కోవడం తేలికే. గుమ్మం పక్కన "డాక్టరు ఉన్నారు" అనే చెక్క పలక ఇంకా అట్లాగే వేలాడుతోంది. లోపల తెల్లకోటు వేసుకున్న ముసలాయన. ఆయన పేరు కొమురయ్య. ముప్పై ఏళ్లు డాక్టరు దగ్గర కాంపౌండరు. ఇప్పుడు మ్యూజియం తాళాలు ఆయనవే. మందుసీసాల మీద అంటించే చీటీలే బొమ్మలకూ అంటించాడు. ఇత్తడి నందికి కూడా "వాడే ముందు బాగా కలుపవలెను" అని ఉంది.

సత్యవ్వ గుమ్మం బయట చెప్పులు విడిచింది.

"ఏసుకోవచ్చవ్వా, ఇది గుడి గాదు" అన్నాడు కొమురయ్య.

"పటం ఉన్నది గదా" అన్నది.

రోగులు కూర్చునే హాలులో, గోడకు, అద్దం వెనుక ఉంది పటం. అదే ఎర్ర నేల. అంచున వానకు కారిన రంగు. పైన గణపతి, కింద మార్కండేయుడు, యముడు. అంతవరకే కనబడుతోంది. మిగతాదంతా అడుగున చుట్టగా చుట్టి, తెల్లగుడ్డ కట్టి, ఒక నంబరు చీటీ తగిలించి ఉంది.

సత్యవ్వ ఆ చుట్ట దగ్గర కూర్చుంది. చీటీని చాలాసేపు చూసింది.

"నూటొక్క మంది కొడుకులు గిండ్లనే ఉన్నరా?"

"ఉన్నరు. గని ఇప్పరాదు. రంగు రాలుతది" అన్నాడు కొమురయ్య.

నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "ఇప్పరాదట చెల్లె, ఏం చేస్తం? దండం పెట్టి పోదాం."

"వీన్ని గిట్లనే ఎన్నొద్దులు పండవెడుతరు?" అన్నది సత్యవ్వ. కొమురయ్యను కాదు. నన్నూ కాదు.

కొమురయ్య ఆమె మొహం చూశాడు. రోగుల్ని చూసిన కన్ను అది. "పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన గొణుక్కుంటూ తాళం చెవి తీశాడు. "ఒక్కపారే. ముట్టద్దు. దగ్గద్దు. తుమ్మస్తె బయటికి పోవాలె."

అద్దం తీసి, పటం దించి, నేల మీద దుప్పటి పరిచి, నేనూ కొమురయ్యా రెండువైపులా పట్టుకుని నెమ్మదిగా విప్పాం. పులి వచ్చింది. పెళ్లి వచ్చింది. చివరికి కొడుకులు వచ్చారు. వరుసకు పదిమంది, పది వరుసలు, కింద విడిగా ఒకడు. అందరివీ చేపల్లాంటి కళ్లు. అందరిదీ ఒకటే ముక్కు. ఒకటే మీసకట్టు. ఎవరి చేతిలోనూ కండె లేదు.

సత్యవ్వ మొదటి వరుస మొదటివాడి దగ్గర కూర్చుంది. నా కళ్లద్దాలు అడిగి పెట్టుకుంది. తొందరపడలేదు. వేలు తాకకుండా గాలిలో పెట్టి ఒక్కొక్కణ్నీ చూస్తూ పోతోంది. కొమురయ్య పీట తెస్తానని లోపలికి పోయాడు. కళ్లద్దాలు లేకపోతే నాకు దగ్గరిది కొంచెం మసకే గానీ ఒక్క గీతకు ఆ చూపు చాలు. నేను మూడో వరుస చివరికి జరిగి, కలం తీశాను.

చివరివాడు నన్ను చూస్తున్నాడు. కలం వాడి కనుబొమ్మకు బెత్తెడు దూరంలో ఉంది. నిబ్బు కొసన సిరా చుక్క నిలిచింది.

"అన్నా" అన్నది సత్యవ్వ, తల ఎత్తకుండా, రెండో వరుస మధ్య నుంచి. "కలం జేబుల వెట్టుకో."

పెట్టుకున్నాను. నా తెల్లచొక్కా జేబు మీద నల్లమచ్చ పడింది. నాలుక మీద పడాల్సింది అక్కడ పడింది.

ఆమె రెండో వరుస పూర్తిచేసి మూడో వరుసకు వచ్చింది. చివరివాడి దగ్గర ఆగింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. వంగి చూసింది. పక్కకు తిరిగి చూసింది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూసింది.

పీట తెచ్చిన కొమురయ్య గర్వంగా అన్నాడు: "సూడు అవ్వా, ఎట్లున్నదో! మా డాక్టర్ సాబ్ చెప్తుండె. గీ పటం మీద గీసినాయన చెయ్యి తప్ప ఇంకో కుంచె తాకలేదట. ఎవ్వలు మల్ల దిద్దలే. గందుకే దీనికి గంత ఇలువ."

నేను నేల చూశాను. సత్యవ్వ నా వైపు చూడలేదు.

"ఎవల కోసం ఎతుకుతున్నవవ్వా?" అని అడిగాడు కొమురయ్య.

"ఎవల కోసం లేదు బిడ్డా. నూటొక్క మందున్నరా లేరా అని లెక్క సూస్తున్న." కింద విడిగా ఉన్నవాడి దాకా పోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. "ఉన్నరు. ఒక్కడు గూడ తక్కువ లేడు."

పటం మళ్లీ చుట్టేటప్పుడు ఆమె కూడా ఒక చెయ్యి వేసింది. కొమురయ్య ముట్టద్దని అనలేదు.

బస్టాండులో, సిమెంటు బల్ల మీద, నేనే మొదలుపెట్టాను. "చెల్లె, నేను ఆనాడు..."

"నువ్వు చెప్పిన్నాడే సగం ఎరుక నాకు. పిచ్చుకకు బస్సు సీటు పట్టిచ్చినోనివి."

"మరి గింత దూరం ఎందుకచ్చినవ్?"

ఆమె మూట ముడి విప్పి, మళ్లీ వేసింది. "వాని మొఖం యాదికస్తలేదన్నా. రెండేండ్లాయె. కండ్లు మూస్తే వాని అంగి కనవడ్తది. వాని నడక కనవడ్తది. మొఖం కాడికి అచ్చెసరికి ఏం ఉండది. ఫోటువల మొఖం గూడ యాదికస్తలేదు. వెనుక తాజ్‌మహల్ యాదికున్నది. అబద్ధమైతే ఆయె, కొద్దిగన్న వాని లెక్క ఉంటడేమో, సూస్తే యాదికస్తదేమో అని అచ్చిన."

బస్సు వచ్చింది. ఎక్కాం. కథలాపూర్ దగ్గర ఈసారి ఆమె కొంగు లాక్కోలేదు. కిటికీలోంచి గుట్టలు చూస్తూ కూర్చుంది. గుట్టలు వెనక్కి పోయాక అడిగింది.

"నువ్వు సూసినవు గదా అన్నా, రోజు. అబద్ధం గాకుంట చెప్పు. వాడెట్లుండె?"

కళ్లు మూసుకున్నాను. వాణ్ని పిలిచాను. పచ్చ అంచు పంచెతో వచ్చాడు. చేతిలో కండె పట్టుకుని వచ్చాడు. చేపల్లాంటి కళ్లతో వచ్చాడు. అన్నీ నేను పెట్టినవే. పదకొండేళ్లు పూత మీద పూత వేశాను, అడుగున ఉన్న పోరగాడు నాకూ మిగల్లేదు. జీవితంలో మొదటిసారి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె నా మొహమే చూస్తోంది. రుద్రంగిలో బస్సు ఆగి, జనం దిగి, మళ్లీ కదిలింది.

"చెవులు" అన్నాను.

"చెవులేంది?"

"పెద్దగుండె. పొద్దుగాల నేను టపా సంచి ఏసుకొని అస్తుంటే వాడు తలుపు కాడ రాట్నం ముంగట కూసునేటోడు. ఎండ ఎనుకకెళ్లి కొట్టేది. చెవులు ఎర్రగ మెరిసేటియి. లోపటి నరాలు గూడ కనవడేటియి."

ఆమె కదలకుండా విన్నది. చెయ్యి ఎత్తి తన చెవి పట్టుకుని చూసుకుంది.

"గట్లనా?" అన్నది. ఎవరో తెలియని పిల్లవాడి సంగతి విన్నట్టు.

"గట్లనే."

నా నాలుక దురద పెట్టింది. ఆ చెవుల వెలుతురుకు సీతాకోకచిలుకలు వచ్చేవని చెప్పమంటోంది. పళ్లు బిగబట్టాను.

సత్యవ్వ మూట విప్పింది. ఒక మక్క గారెను రెండు ముక్కలు చేసి ఒకటి నాకిచ్చింది. రెండోది చేతిలోనే పట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"ఇంకోపారి చెప్పు" అన్నది.

చెప్పాను. ఎంత చెప్పానో అంతే చెప్పాను.